బెజవాడ, గుంటూరుల్లో టాప్ తీసే కారు: యాభై దగ్గరపడ్డవాళ్లు ఎలా ఎంచుకోవాలి

అమ్మాయి ఎమ్మెస్‌కి వెళ్లిపోయింది, ఇంటి లోను తీరిపోయింది, మీకు నలభై ఎనిమిదో యాభయ్యో వచ్చాయి. ఈమధ్య రోడ్డు మీద టాప్, అంటే పైకప్పు, తీసిన బండి కనపడితే చూపు దాని వెంటే పోతోంది. ఇంట్లో చెబితే నవ్వుతారేమో, ఆఫీసులో తెలిస్తే ఏమనుకుంటారో అని లోపలే దాచుకుంటున్నారు. దాచుకోవాల్సిన పనేం లేదు. ఇన్నేళ్లూ ఇంటికి సరిపోయే బండి, పిల్లలకు సరిపోయే బండి కొన్నవాళ్లు ఒక బండి తమ ఇష్టం కోసం కొనుక్కోవచ్చు. అయితే మన ఎండకీ వానకీ మన రోడ్లకీ తగినట్టు ఎంచుకోవాలి. ఎలాగో వరసగా చెబుతాను.

‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ అనే మాటను 1965లో వాడుకలోకి తెచ్చింది ఇలియట్ జాక్ అనే కెనడా మనోవిశ్లేషకుడు. ఇక ముందున్న కాలం గడిచిన దానికంటే తక్కువని మనిషికి మొదటిసారి గట్టిగా తట్టే దశ అది. నా దృష్టిలో ఆ తట్టడం మంచిదే, టైమ్ విలువ తెలుస్తుంది. కానీ వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా, ఉత్తినే ఏడుపొస్తున్నా షోరూం కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది తగ్గాక కూడా బండి కావాలనిపిస్తే అప్పుడు హాయిగా కొనుక్కోండి.

ముందు టైమ్, తర్వాత దారి, ఆ తర్వాతే బండి

అందరూ బండితో మొదలుపెడతారు. వీడియోలన్నీ చూసి, రంగు కూడా ఖాయం చేసుకుని, చివర్లో దీన్ని ఎక్కడ తోలాలా అని ఆలోచిస్తారు. మీరు దీన్ని తిరగేయండి. వారంలో ఏ రోజు, ఏ వేళ మీరు టాప్ తీసి తోలగలరో ఒక కాగితం మీద రాయండి.

మన వాతావరణం సంగతి మీకు తెలిసిందే. మే నెలలో బెజవాడలో 45 డిగ్రీలు దాటిన రోజులు చూశాం. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్న ఏడున్నర తర్వాత టాప్ తీస్తే వడదెబ్బను పిలిచినట్టే. జూన్ నుంచి నైరుతి వానలు, అవి వెళ్లాక అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతంలో వాయుగుండాలు. అంటే నిశ్చింతగా టాప్ తీసి తిరిగే కాలం నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మిగతా నెలల్లో తెల్లవారుజామున ఓ గంట, లేదా రాత్రి భోజనాలయ్యాక ఓ గంట. ఇది విని నీరుగారిపోకండి. మీరు కొంటున్నది ఆ గంటనే. ఐదున్నరకి లేచే అలవాటు ఉందా, ఆదివారం పొద్దున ఫోను మోగకుండా ఉంటుందా అన్నవి ఇంజన్ ఎంత పెద్దదన్న దానికంటే ముఖ్యమైన ప్రశ్నలు. రెండిటికీ కాదనే జవాబొస్తే ఆ అలవాటు చేసుకున్నాకే కొనండి.

ఇంకో మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఇది రెండో బండి. ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌కీ, పెళ్లిళ్లకీ, అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడానికీ మీకున్న కారు అలాగే ఉండాలి. ఇంట్లో ఉన్న ఒక్క కారూ అమ్మేసి దీన్ని కొంటే ఆరు నెలల్లో విసుగొస్తుంది.

ఇక దారులు. బెజవాడ వాళ్లకి మొదటి దారి కనకదుర్గ ఫ్లైఓవర్. 2020 అక్టోబర్‌లో తెరిచారు. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క కృష్ణ. మామూలు కారులో కిటికీలోంచి కొండ సగమే కనపడుతుంది. టాప్ తీస్తే తలెత్తినంత మేరా కొండే. తోలేవాళ్లు రోడ్డు చూసుకోవాలి కాబట్టి ఆ దృశ్యం పక్క సీటు వాళ్లది, వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు తోలండి. ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. సాయంత్రం నీళ్లు నిండుగా ఉన్న ఎగువ వైపు పొద్దు వాలుతుంది, నెమ్మదిగా వెళ్తే చాలు. బ్యారేజీ దాటాక సీతానగరం, ఉండవల్లి గుహలు, కరకట్ట మీదుగా అమరావతి. కరకట్ట సన్నం. ఎదురుగా బండి వస్తే పక్కకి దిగాల్సి వస్తుంది, కిందికి ఉండే కారుకి ఆ అంచు దగ్గర దెబ్బ. రాజధాని పనుల టిప్పర్లు తిరిగే వేళల్లో దుమ్ము నోట్లోకే వస్తుంది, కాబట్టి సెలవు రోజు పొద్దున్నే వెళ్లండి.

గుంటూరు వాళ్లకి కొండవీడు ఉంది. చిలకలూరిపేట వైపు హైవే మీద వెళ్లి పక్కకి తిరిగితే రెడ్డిరాజుల కోటకి ఘాట్ రోడ్డు. మన రెండు ఊళ్ల చుట్టుపక్కల మలుపులు తిరుగుతూ పైకెక్కే రోడ్లు తక్కువ, అందుకే నాకు ఇది అన్నిటికంటే ఇష్టం. కొండల మీద కోతులుంటాయి, టాప్ తీసి వదిలేసి వెళ్లొద్దు. బాపట్ల మీదుగా సూర్యలంక కూడా మంచి దారే, కాకపోతే తిరిగొచ్చిన రోజే బండిని కింద నుంచి కూడా మంచినీళ్లతో కడిగించాలి. ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది, టాప్ కీళ్లలో ఇనుప భాగాలుంటాయి. వరి కోతల ముందు డెల్టాలో చీకటి పడ్డాక లైట్లకు పచ్చపురుగులు ముసురుతాయి, ఆ రోజుల్లో పొద్దుగూకక ముందే టాప్ వేసేయండి.

మిర్చి సీజన్లో గుంటూరు యార్డు చుట్టుపక్కల టాప్ తీసి వెళ్లకండి, ఆ ఘాటుకి దగ్గుతో కళ్లు మూసుకుపోతే బండి అదుపు తప్పుతుంది. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ బూడిద లారీల వెనక కూడా అంతే. బెజవాడ, గుంటూరు మధ్య హైవే పగటిపూట లారీల పొగే.

ఇంట్లో ఎలా చెప్పాలి

“ఈ వయసులో ఇదేంటండీ” అని ఆవిడ అంటే కోపం తెచ్చుకోకండి. ఆ ప్రశ్న వెనక డబ్బు గురించి ఒక భయం, ప్రమాదం గురించి ఒక భయం, బంధువులు ఏమంటారో అని ఒక భయం ఉంటాయి. మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పండి. మీ కాగితం చూపించండి, ఏ రోజు, ఏ దారి, పక్క సీట్లో ఎవరు అని. ఆ సీటు ఆవిడదని తెలిశాక మాట తీరే మారుతుంది. ఈ కోరిక మగవాళ్లకే ఉంటుందనుకోకండి. బ్యాంకులో, స్కూల్లో పాతికేళ్లు పనిచేసి తమ డబ్బుతో తమకో బండి కొనుక్కోవాలనుకునే ఆడవాళ్లకీ ఈ వరసే.

కొనే ముందు ఇద్దరూ కలిసి ఒకసారి అద్దెకు తీసుకుని తోలండి. గోవాలో టాప్ తీసిన థార్లు, జీపులు అద్దెకు దొరుకుతాయి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి, అదే అద్దెకిచ్చే పర్మిషన్ ఉన్న బండి. ఒక పూట ఎండలో, ఒక పూట రాత్రి తిరగండి. జుట్టు చెదరడం, చెవుల్లో గాలి హోరు, పక్క లారీ హారన్, సిగ్నల్ దగ్గర అందరూ మనల్నే చూడటం, ఇవన్నీ ఆ రెండు పూటల్లో తెలిసిపోతాయి. అందరూ చూడటం మీకు ఇబ్బందిగా ఉంటే అది ముందే తెలియడం మేలు.

డబ్బు లెక్క

పెళ్లికి దాచిన డబ్బు, పీఎఫ్, ఆరోగ్యం కోసం పక్కన పెట్టింది, ఈ మూడూ ముట్టుకోకండి. ఇలాంటి బండికి పెద్ద లోను కూడా వద్దంటాను. నెలకి నాలుగైదు సార్లు తీసే బండికి ప్రతి నెలా ఈఎంఐ కడుతుంటే, బండిని చూసినప్పుడల్లా గుర్తొచ్చేది అప్పే.

ఎక్స్‌షోరూం ధర, అంటే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర, చూసి ఆగకండి. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ శాతం బండి ధరతో పాటు పెరుగుతుంది, ఖరీదైన బండికి అదే లక్షల్లో ఉంటుంది. పది లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కట్టించుకుంటారు, అది మీ ఇన్‌కం ట్యాక్స్‌లో సర్దుబాటవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద పెట్రోలు, డీజిలు కార్ల మీద జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్ కార్ల మీద 5 శాతం. ఆ తేదీకి ముందు రాసిన ధరలతో ఇప్పటివాటిని పోల్చకండి.

ఇన్సూరెన్స్‌లో రెండు తప్పకుండా తీసుకోండి. ఒకటి జీరో డెప్రిసియేషన్, అంటే తరుగు కోయని పాలసీ. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు, ఈ బండిలో అలాంటి భాగాలు ఎక్కువ. రెండోది ఇంజన్ ప్రొటెక్షన్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని బళ్లు నీళ్లలో ఉన్నాయో మనం చూశాం. నీళ్లు చేరిన ఇంజన్‌ని స్టార్ట్ చేస్తే వచ్చే నష్టం మామూలు పాలసీలోకి రాదు.

ఏ బండి

మన రోడ్లకి, మన జేబుకి నేను మొదట చెప్పేది మహీంద్రా థార్ సాఫ్ట్ టాప్, అంటే బట్ట టాప్ ఉన్నది. ఇప్పటి తరం థార్ 2020 అక్టోబర్ 2న వచ్చింది, 2 లీటర్ల టర్బో పెట్రోలు, 2.2 లీటర్ల డీజిలు ఇంజన్లతో. నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తు, కరకట్ట అంచుకీ గుంటూరు స్పీడ్ బ్రేకర్లకీ భయపడక్కర్లేదు. నాలుగు సీట్లు, పైన రోల్ కేజ్, కాబట్టి టాప్ తీసినా నెత్తి మీద ఇనుప చట్రం ఉంటుంది. లోపాలు కూడా చెప్పాలి. టాప్ చేత్తోనే విప్పి మడవాలి, ఇద్దరుంటే తేలిక. బట్ట టాప్ వేసి హైవే మీద వెళ్తే మోత ఎక్కువ, మే నెలలో ఏసీకి కష్టం. ఇప్పుడు షోరూంలో సాఫ్ట్ టాప్ దొరకకపోతే సెకండ్ హ్యాండ్‌లో వెతకండి, తక్కువ తిరిగినవి చాలానే ఉంటాయి.

ఇంకా తక్కువలో కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో మారుతి జిప్సీ, కొత్తవి ఇప్పుడు రావడం లేదు. తేలికైన బండి, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజన్. కానీ నడుం నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి పోకండి, పట్టీ స్ప్రింగుల కుదుపు వెన్నుకే తగులుతుంది.

అసలైన కన్వర్టిబుల్, బటన్ నొక్కితే టాప్ మడుచుకునేది కావాలంటే ఖర్చు ఒక్కసారిగా అర కోటి దాటుతుంది. ఉన్నవాటిలో నాకు నచ్చేది మినీ కూపర్ ఎస్ కన్వర్టిబుల్. టాప్ 18 సెకన్లలో తెరుచుకుంటుంది, 30 కిలోమీటర్ల వేగం లోపు నడుస్తూ ఉండగానే తీయొచ్చు. వానచుక్క పడగానే బండి ఆపకుండా టాప్ వేసుకోవడం మన వర్షాకాలంలో చిన్న సౌకర్యం కాదు. పొట్టి బండి కాబట్టి లక్ష్మీపురంలోనైనా గవర్నర్‌పేటలోనైనా పార్కింగ్ దొరుకుతుంది. వెనక సీట్లు పేరుకే, పిల్లలు పడతారు. అంతకన్నా పెద్దది మెర్సిడెస్ సీఎల్ఈ క్యాబ్రియోలె, 2024 ఆగస్టులో కోటీ పది లక్షల ఎక్స్‌షోరూంతో వచ్చింది. 60 కిలోమీటర్ల వేగంలో కూడా 20 సెకన్లలో టాప్ కదులుతుంది, నలుగురు నిజంగా కూర్చోవచ్చు. బీఎండబ్ల్యూ జెడ్4 రెండే సీట్లు, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 340 హార్స్ పవర్. ఆ శక్తి వాడుకునే రోడ్డు మన చుట్టూ లేదు, కిందికి ఉండే ఆ బండి మన స్పీడ్ బ్రేకర్లని తట్టుకోదు.

ఎలక్ట్రిక్‌లో ఎంజీ సైబర్‌స్టర్ 2025 జూలైలో వచ్చింది, రెండు సీట్లు, తలుపులు పైకి లేస్తాయి, 510 హార్స్ పవర్. ఇంజన్ చప్పుడు ఉండదు, తెల్లవారుజామున బ్యారేజీ దగ్గర నీళ్ల హోరు వినపడుతుంది. ఇంట్లో చార్జింగ్ పాయింట్ పెట్టించుకునే వీలుంటే ఆలోచించదగ్గదే. ఇక వీడియోల్లో అందరూ పొగిడే మాజ్డా ఎంఎక్స్-5ని మన దేశంలో కంపెనీ అమ్మదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

రెండు సీట్లా నాలుగా అన్న దానికి నా జవాబు నాలుగే. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు వస్తే బండి చూసి ఊరుకోరు, ఎక్కుతామంటారు.

కూర్చుని చూడండి, తోలి చూడండి

షోరూంలో ఐదు నిమిషాలు కూర్చుంటే ఏమీ తెలియదు. అరగంట కూర్చోండి. దిగేటప్పుడు మోకాలు పట్టేసిందా, చెయ్యి ఆనించి లేవాల్సి వచ్చిందా చూడండి. కిందికి ఉండే కారులో కూర్చోవడం కంటే లేవడం కష్టం, యాభై దాటాక అది ఏటేటా పెరుగుతుంది. ఆవిడ చీరతో ఎక్కి దిగి చూడాలి. పైట, చున్నీ పిన్ను పెట్టుకోకుండా టాప్ తీసిన బండిలో ప్రయాణం వద్దు, అది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

లోపల నల్ల లెదర్ తీసుకోకండి. ఎండలో పావుగంట నిలబెట్టిన బండిలో నల్ల సీటు తొడలు కాలుస్తుంది. లేతరంగు దొరక్కపోతే బట్ట సీటు కవర్లు వేయించండి. టెస్ట్ డ్రైవ్ మీ వీధిలోకి తెమ్మనండి, మీ ఇద్దరూ ఎక్కి మీ వీధి స్పీడ్ బ్రేకర్ దాటించండి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కించి దించండి. కింద రాసుకుంటే ఆ మోడల్ మీది కాదు. గతుకుల్లో అద్దం ముందున్న భాగం వణుకుతోందా గమనించండి, పైకప్పు లేని కారు బాడీకి కొంత వణుకు సహజం, తలుపులు కిరకిరలాడితే మాత్రం సహజం కాదు.

సర్వీసు ఎక్కడో అడగండి. టాప్ మోటారుకి బాగు చేసేవాళ్లు హైదరాబాద్‌లోనే ఉంటే, ఆగిపోయిన ప్రతిసారీ దాదాపు 275 కిలోమీటర్లు బండిని లారీ మీద వేసి పంపాలి.

సెకండ్ హ్యాండ్ అయితే

లగ్జరీ కన్వర్టిబుల్ విలువ మొదటి నాలుగైదేళ్లలోనే బాగా పడిపోతుంది, కాబట్టి పాతది కొనడం తెలివైన పనే. ఆడి ఏ3 క్యాబ్రియోలె, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే, పాత మినీలు హైదరాబాద్, బెంగళూరులో కనపడుతుంటాయి. బండి మెకానిక్‌తో కలిసి, పగటివేళ చూడండి. చూసేటప్పుడు ఇలా చేయండి:

- ఇంజన్ స్టార్ట్‌లో ఉంచి టాప్ మూడుసార్లు తెరిచి మూయండి. మధ్యలో ఆగినా, మూలిగినా, ఒక పక్క ముందు ఒక పక్క వెనక కదిలినా ధర మాట తర్వాత. డిక్కీ గోడల మీద నూనె చెమ్మ ఉంటే హైడ్రాలిక్ లీకు, ఆ రిపేరు లక్షల్లోకి పోవచ్చు.
- టాప్ మూసి, గొట్టంతో పది నిమిషాలు నీళ్లు పట్టండి, ముందు అద్దం మూలల దగ్గర, పక్క అద్దాల పైన. తర్వాత కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. ముక్కిన వాసన వస్తే ఆ బండి చాలాకాలంగా కారుతోంది.
- సీటు బెల్టు చివరంటా లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే వరదలో మునిగిన బండి. స్టెప్నీ గుంటలో ఇసుక, ఒండ్రు ఉన్నా అంతే.
- ఇతర రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఈ ఖర్చు కలిపాకే బేరం మొదలుపెట్టండి. లోను ఉన్న బండి అయితే లోను తీరిందనే బ్యాంకు కాగితం చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

టాప్ కోయించకండి

ఆటోనగర్‌లో మన పనివాళ్లకి చేతకానిది లేదు. పాత జెన్‌కో, శాంత్రోకో టాప్ కోసి ఓపెన్ బండి చేసిస్తామనే వాళ్లూ దొరుకుతారు. ఒప్పుకోకండి. ఇప్పటి చిన్న కార్లలో పైకప్పు కూడా బరువు మోసే భాగం. కంపెనీ కన్వర్టిబుల్ చేసేటప్పుడు కింద పట్టీలు, అద్దం చట్రం అదనంగా బలపరుస్తుంది. ఇంట్లో ఒక దూలం తీసేస్తే గోడ ఎలా పగులుతుందో, కోసిన కారు నేల కూడా కొన్నాళ్లకి అలాగే కుంగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు. పంజాబ్ వైపు నుంచి లారీ మీద తెప్పించే కొత్తగా మెరిసే జీపులకీ ఇదే మాట. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోతేనే ముట్టుకోండి.

బండి వచ్చాక

మీద కప్పు ఉన్న పార్కింగ్ లేకపోతే బట్ట టాప్ కొనకండి. వేపచెట్టు నీడ సరిపోదు, ఆకులు, పిట్టల రెట్టలు, జిగురు అన్నీ టాప్ మీదే పడతాయి. సెల్లార్‌లో ఎలుకలుంటే వైర్ల సంగతి వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి. టాప్ బట్టని బ్లేడుతో కోసేయొచ్చు కాబట్టి బ్యాగు, ల్యాప్‌టాప్ లోపల వదలకండి. తలుపు లాక్ చేయడం కంటే లోపల ఏమీ లేకుండా ఉంచడమే భద్రం.

తోలేటప్పుడు పక్క అద్దాలు పైకి ఎత్తి ఉంచండి, వెనక గాలి అడ్డు పెట్టించండి, సుడి సగం తగ్గుతుంది. అరవై, డెబ్బైలో వెళ్లండి. మాట వినపడే వేగం అదే. తలకి టోపీ, మెడకి సన్‌స్క్రీన్, పక్కన మంచినీళ్లు. పిల్లల్ని సీట్లో నిలబడనివ్వొద్దు, వెనక కూర్చున్నవాళ్లకీ బెల్టు ఉండాల్సిందే.

జూన్ మొదటి వాన పడకముందు టాప్ అంచుల్లో ఉన్న నీటి దారులు శుభ్రం చేయించండి. ఒక గ్లాసు నీళ్లు పోస్తే బండి కిందికి వచ్చేయాలి, ఆగితే లోపల ఆకు ఇరుక్కుంది. రబ్బరు అంచులకి సిలికాన్ రాయించండి, మన ఎండకి అవి రెండేళ్లలో పగలడం మొదలుపెడతాయి. సర్వీస్ సెంటర్‌లో ప్రెషర్ వాషర్‌ని టాప్ మీద పెట్టనివ్వకండి, మెత్తని బ్రష్షు, మామూలు నీళ్లు చాలు. వానల్లో బండి తీయకపోయినా వారానికోసారి షెడ్డులోనే టాప్ ఒకసారి తెరిచి మూయండి. తడిసిన టాప్‌ని మాత్రం ఎంత తొందరలో ఉన్నా మడవొద్దు. ఇంటికి తెచ్చి, పూర్తిగా ఆరాకే మడవండి, లేకపోతే మూడు రోజుల్లో మడతల్లో బూజు పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు.